దుందుభి వాగు ఒడ్డు బాగుచేసే పని మొదలుపెట్టే ముందు

జేసీబీ పిలవకముందే వాగు వెంట ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి నడవండి, అదీ చేపలు పట్టేవాళ్లు, ఒడ్డున మోటార్లు పెట్టుకున్న రైతులు, బట్టలుతికేవాళ్లతో కలిసి, ఎందుకంటే ఏ మడుగులో నీళ్లు మార్చి దాకా ఆగుతాయో వాళ్లకే తెలుసు.

ఇసుక జోలికి అస్సలు పోవద్దు. తోడేసిన ఒక చోట చూశాను, అడుగున బంకమట్టి తేలింది, పక్క బావిలో మోటారు పైపు కొసనుండే ఫుట్‌వాల్వు నీళ్లందక గాల్లో వేలాడుతోంది. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

సర్కారు తుమ్మ మొత్తం ఒకేసారి పీకితే ఒడ్డు కోసుకుపోతుంది. కొంచెం కొంచెం తీస్తూ కానుగ, నేరేడు, ఏరుమద్ది పెట్టండి.

వాగు హద్దులు సర్వేయరుతో తేల్చుకోండి, నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం చదవండి. మట్టి పని మృగశిర కార్తెలోపే అయిపోవాలి.

మొక్కలకు మూడేళ్లు నీళ్లు ఎవరు పోస్తారో గ్రామసభలో పేర్లతో సహా రాయించండి.