పరిశోధన బృందాన్ని ఎంచుకునే ముందు

బెంగళూరులోని యశ్వంతపూర్ స్టేషన్‌లో దిగి ఆటో అతనికి ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అని చెబితే చాలు, 1909లో ఏర్పడిన భారతీయ విజ్ఞాన సంస్థ గేటు ముందు దింపుతాడు. అక్కడికి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకని వచ్చే మన విద్యార్థులు గేట్, సీఎస్‌ఐఆర్ నెట్ లాంటి అర్హత పరీక్షలకు రెండేళ్లు చదువుతారు గాని, ఏ బృందంలో చేరాలో తేల్చుకోవడానికి రెండు రోజులైనా వెచ్చించరు. అయిదారేళ్లు గడపవలసిన చోటును విభాగం పేరును బట్టి ఎంచుకోవడం, నా దృష్టిలో, ఇంటిపేరు విని సంబంధం ఖాయం చేసుకోవడం లాంటిది.

మొదట తెలుసుకోవలసింది రోజువారీ పని ఎలా ఉంటుందన్నది. గణితంలో గైడు, విద్యార్థి, ఒక నల్లబల్ల ఉంటే పని సాగిపోతుంది. ప్రయోగ భౌతికశాస్త్రంలో వాక్యూమ్ చాంబర్‌లో లీకు ఎక్కడుందో వెతకడంలోనే నెలలు గడిచిపోవచ్చు. జీవశాస్త్రంలో పెంచుతున్న కణాలకు ఆదివారాలు ఉండవు గనుక, సంక్రాంతినాడైనా వాటి పోషక ద్రవం (మీడియం) మార్చడానికి ఎవరో ఒకరు ల్యాబ్‌కు రావలసిందే. జీవావరణ శాస్త్రంవారికి అడవే ల్యాబు. తమిళనాడులోని ముదుమలైలో 1988లో ఎంచుకున్న 50 హెక్టార్ల అడవిలో ఈ సంస్థ పరిశోధకులు చెట్టుచెట్టుకూ నంబరు వేసి, వాటి పెరుగుదలను ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు.

తరువాత ఆ బృందం అయిదేళ్లుగా ప్రచురించిన పేపర్లు తీసి, రచయితల పేర్ల వరుస చూడండి. జీవ, రసాయన శాస్త్రాల్లో సాధారణంగా ప్రధానంగా పనిచేసినవారి పేరు మొదట, గైడు పేరు చివర ఉంటాయి. మొదటి స్థానంలో వేర్వేరు విద్యార్థుల పేర్లు వస్తుంటే మంచి గుర్తు; ఒకే పేరు పదేపదే కనిపిస్తే తక్కినవారు ఏం చేస్తున్నారో ఆరా తీయాలి. గణితంలో ఈ లెక్క పనికిరాదు; అక్కడ పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో వేస్తారు కాబట్టి యలమంచిలివారు ఎంత కష్టపడినా చివరికే చేరతారు.

ల్యాబ్ చూడటానికి వెళ్లినప్పుడు గైడుతో గంటసేపు మాట్లాడటం కంటే, నాలుగో ఏడు చదువుతున్న విద్యార్థితో క్యాంటీన్‌లో టీ తాగడం ఎక్కువ ఉపయోగం. చివరి ముగ్గురు ఎన్నేళ్లకు థీసిస్ సమర్పించారో, మధ్యలో వదిలి వెళ్లినవారున్నారో లేదో, గైడుకిచ్చిన డ్రాఫ్టు ఎన్నాళ్లకు తిరిగొస్తుందో అడగండి. ఒకచోట నేను ఈ మూడో ప్రశ్న వేయగానే ఎదుటి అబ్బాయి అప్పటికే కరిగిపోయిన చక్కెరను మళ్లీ కలపడం మొదలుపెట్టాడు. నాకు జవాబు దొరికింది.

ఫెలోషిప్, అంటే నెలనెలా వచ్చే భృతి, గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో)కు నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)కు 42,000 ఇస్తున్నారు. బృందం మారితే ఆ మొత్తం మారదు. రసాయనాలకూ పరికరాల మరమ్మతులకూ సరిపడా ప్రాజెక్టు నిధులు ఉన్నాయా అన్నదే అడగవలసిన మాట.

ఇవన్నీ చూశాకే గైడుకు మెయిల్ రాయండి. పది వాక్యాలు మించనివ్వకండి, అందరికీ పంపే మూస ఉత్తరం అసలే వద్దు. ఆయన పేపర్లలో ఒక్కటి పూర్తిగా చదివి, అందులో మీకు అర్థంకాని పటం ఏదో, ఎందుకు అర్థంకాలేదో రెండు వాక్యాల్లో అడగండి. వారం రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి, జాబితాలోని తరువాతి పేరుకు వెళ్లండి.