ప్రభుత్వ ఆర్థిక పాత్రపై నిలబడే విమర్శ రాయడం ఎలా

పోటీ పరీక్ష వ్యాసం కోసమో, కళాశాలలో చర్చ కోసమో, పత్రిక సంపాదక పుట కోసమో సోషలిజాన్ని విమర్శిస్తూ రాసేవారు హైదరాబాదులో చాలామందే ఉన్నారు. అయితే ఆ రచనల్లో ఎక్కువ భాగం 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయిందన్న వాక్యంతో మొదలై, వ్యాపారం ప్రభుత్వం పని కాదన్న వాక్యంతో ముగిసిపోతాయి. ఆ రెండింటి నడుమ ఉండవలసిన వాదన మాత్రం కనిపించదు. ఆర్థిక వ్యవస్థను ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకోవడంపై చాలా బలమైన విమర్శ ఒకటి నిజంగానే ఉంది. దాన్ని నినాదంగా కుదించడం వల్ల ఆ విమర్శే బలహీనపడుతోందని నేను నమ్ముతున్నాను. అందుకే దాన్ని ఎలా కట్టాలో, ఏ ఆధారాలతో నిలబెట్టాలో ఈ నగరంలోని ఉదాహరణలతోనే వివరిస్తాను.

ముందుగా, మీరు దేన్ని విమర్శిస్తున్నారో మొదటి పేరాలోనే తేల్చి చెప్పండి. ప్రభుత్వం చేసే ప్రతి పనీ సోషలిజం కాదు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత నిజాం ప్రభుత్వం ఉస్మాన్‌సాగర్‌ను, ఆపై హిమాయత్‌సాగర్‌ను కట్టించింది. వాటిని కట్టించినది రాచరికం. వరద నుంచి రక్షణను ఒక ఇంటికి అమ్మి పక్క ఇంటికి ఆపడం సాధ్యం కాదు కనుక అటువంటి పని ప్రభుత్వమే చేయాలని మార్కెట్‌ను సమర్థించే ఆర్థికవేత్తలు కూడా అంగీకరిస్తారు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఇచ్చిన కిలో 2 రూపాయల బియ్యం ఆదాయ పంపిణీకి సంబంధించిన పథకం. పటాన్‌చెరు వాగుల్లోకి రసాయనాలు వదలకుండా చూడటం నియంత్రణ. బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టడం ప్రభుత్వ యాజమాన్యం. ఎవరు ఏ వస్తువు ఎంత తయారు చేయాలో ఢిల్లీలో నిర్ణయించడం కేంద్రీకృత ప్రణాళిక. ఈ ఐదింటినీ ఒకే గాటన కట్టి కొట్టిపారేసిన వ్యాసం ఒక్క ఉస్మాన్‌సాగర్ పేరు ఎత్తగానే కూలిపోతుంది. మన దేశంలో సోషలిజం విమర్శకు అసలు లక్ష్యం చివరి రెండే. 1951 నాటి పరిశ్రమల చట్టం ప్రకారం పెద్ద కర్మాగారం పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా లైసెన్సు తప్పనిసరి అయింది. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం 17 పరిశ్రమలను ప్రభుత్వానికే ప్రత్యేకించింది. రాసేటప్పుడు ఈ రెండు పత్రాలను దగ్గర పెట్టుకోండి.

లక్ష్యం తేలాక మూడు ప్రశ్నలు వేయాలి. నిర్ణయించే వ్యక్తికి కావలసిన సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది? నిర్ణయం తప్పయితే నష్టం ఎవరు భరిస్తారు? నష్టపోతున్నవారు ఆ ఏర్పాటును వదిలి మరొకదానికి వెళ్లగలరా? మీరు ఎంచుకున్న సంస్థ ఏదైనా సరే, వ్యాసం బలం ఈ మూడింటికి దొరికే జవాబుల మీదే ఆధారపడుతుంది.

మొదటి ప్రశ్న వెనుక ఉన్న సిద్ధాంతాన్ని ఓపికగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే విమర్శకు వెన్నెముక ఇదే. ఆస్ట్రియా ఆర్థికవేత్త లుడ్విగ్ వాన్ మీసెస్ 1920లో ఒక వాదన ముందుకు తెచ్చాడు. యంత్రాలు, భూమి, ముడిసరుకు అన్నీ ప్రభుత్వానివే అయితే వాటి క్రయవిక్రయాలు ఉండవు. క్రయవిక్రయాలు లేకపోతే నిజమైన ధరలు ఏర్పడవు. ధరలు లేకపోతే ఏ పద్ధతిలో తయారు చేస్తే తక్కువ వనరులు ఖర్చవుతాయో లెక్కించే సాధనం ఎంత తెలివైన, ఎంత నిజాయతీ గల అధికారికైనా దొరకదు. పోలండ్‌కు చెందిన సోషలిస్టు ఆర్థికవేత్త ఆస్కార్ లాంగే 1930లలో దీనికి దీటైన సమాధానం ఇచ్చాడు: ప్రణాళికా సంఘమే ధరలను ప్రకటించి, కొరత వస్తే పెంచి, మిగులు వస్తే తగ్గించి సరిచేయవచ్చు అన్నాడు. 1945లో ఫ్రెడరిక్ హయెక్ మరో మెట్టు ఎక్కి, అవసరమైన జ్ఞానం ఒకచోట పోగుపడి ఉండదని, లక్షల మంది దగ్గర చిన్న చిన్న ముక్కలుగా ఉంటుందని, ధర అనేది ఆ ముక్కలను కలిపే సంకేతమని వివరించాడు. లాంగే జవాబును దాటేసి మీసెస్‌ను మాత్రమే చెప్పే వ్యాసం సగం చర్చనే చూపినట్టవుతుంది.

ఈ సిద్ధాంతాన్ని పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పడానికి మెహిదీపట్నం రైతుబజారు చాలు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన రైతుబజార్లలో ధరను దుకాణదారుడు నిర్ణయించడు. అధికారులు రోజూ నిర్ణయించి బోర్డు మీద రాయిస్తారు. వారు ఆ అంకెను ఎక్కడి నుంచి తెస్తారు? బోయినపల్లి వంటి హోల్‌సేల్ మార్కెట్‌లో ఆ రోజు పలికిన ధరను ఆధారం చేసుకుంటారు. అంటే మదనపల్లెలో వాన పడి టమాటా కోత ఆగిందన్న సంగతి అధికారికి తెలియకపోయినా, వేలంలో పలికిన ధర దాన్ని ఆయన దగ్గరికి మోసుకొస్తుంది. ఆ బయటి మార్కెట్ లేని రోజున ఆ బోర్డు మీద ఏ అంకె రాయాలో చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు. రైతుకు దళారి బెడద తగ్గించే మంచి ఏర్పాటు కూడా మార్కెట్ ధర మీద ఆనుకునే నిలబడుతోందని ఈ ఉదాహరణ చూపుతుంది. రైతుబజారును తిట్టనవసరం లేకుండానే కేంద్రీకృత ప్రణాళికలోని లోపం పాఠకుడికి అర్థమవుతుంది. ఇటువంటి ఉదాహరణ ఒక్కటి దొరికితే పది సోవియట్ క్యూల వర్ణనలు అనవసరం.

రెండో ప్రశ్నకు, అంటే నష్టం ఎవరిదన్న ప్రశ్నకు, హంగేరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ పనికొస్తాడు. సోషలిస్టు దేశంలోనే జీవిస్తూ, అక్కడి కర్మాగారాలను పరిశీలించి ఆయన చెప్పినది ఇది: నష్టం వస్తే ఖజానా ఆదుకుంటుందని ముందే తెలిసిన సంస్థకు బడ్జెట్ ఒక కట్టడిగా పనిచేయదు. మేనేజరు ఖర్చు తగ్గించే మార్గాల కంటే మంత్రిత్వ శాఖను ఒప్పించే మార్గాల మీదే ఎక్కువ శ్రద్ధ పెడతాడు. ఇందులో మనిషి చెడ్డతనం ప్రసక్తి లేదు. ప్రభుత్వ ఉద్యోగులు సోమరులు అని రాసే అలవాటును పూర్తిగా మానుకోవాలి. అది అన్యాయం, పైగా వాదనను పక్కదారి పట్టిస్తుంది.

బాలానగర్‌లోని ఐడీపీఎల్‌ను (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్ అనే కేంద్ర ప్రభుత్వ మందుల సంస్థను) తీసుకుని ఈ భాగాన్ని ఎలా రాయాలో చూద్దాం. 1961లో ఏర్పడిన ఈ సంస్థ సోవియట్ సాంకేతిక సహాయంతో కర్మాగారాలు నెలకొల్పింది. 1992లో దాన్ని ఖాయిలా పడిన సంస్థగా ప్రకటించారు. మూసివేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినది 2016 డిసెంబరులో. నడుమ గడిచిన 24 ఏళ్లే మీ వాదనకు అసలైన ఆధారం. సంస్థ కోలుకోలేదు, మూతపడలేదు, విలువైన భూమి మరో ఉపయోగానికి రాలేదు, కార్మికులకు తమ భవిష్యత్తు ఏమిటో తేలలేదు. ఒక పొరపాటు పెట్టుబడిని ఏ వ్యవస్థ అయినా పెట్టవచ్చు. దాన్ని గుర్తించి వదులుకోవడానికి పావు శతాబ్దం పట్టే వ్యవస్థనే మనం విమర్శించాలి.

ఇక్కడే విమర్శకుడి నిజాయతీకి పరీక్ష ఎదురవుతుంది. హైదరాబాదు ఔషధ పరిశ్రమ ఈ స్థాయికి చేరడంలో ఐడీపీఎల్ పాత్ర కాదనలేనిది. కె. అంజిరెడ్డి అక్కడ పనిచేసిన తర్వాతే సొంత సంస్థల వైపు వెళ్లి, 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు మీద కాక తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇచ్చినందువల్ల మన రసాయన శాస్త్రజ్ఞులు అవే మందులను వేరే పద్ధతుల్లో తయారు చేయగలిగారు. ఈ రెండూ ప్రభుత్వ నిర్ణయాలే. వీటిని దాచి ఐడీపీఎల్‌ను ఉత్త దుబారాగా చిత్రిస్తే తెలిసిన పాఠకుడు మిగతా వ్యాసాన్ని కూడా నమ్మడు. దాచకుండా చెప్పి, ఆ శిక్షణ ఫలించినది మాత్రం సొంత పెట్టుబడి పెట్టి, సొంత నష్టానికి సిద్ధపడిన సంస్థల్లోనని చూపితే విమర్శ మరింత బలపడుతుంది.

అదే కొలబద్దను ప్రైవేటు రంగానికీ వర్తింపజేయాలి. 2004లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కుప్పకూలినప్పుడు దాన్ని విలీనం చేసుకుని డిపాజిటర్లను కాపాడే భారం ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్ అనే ప్రభుత్వ రంగ బ్యాంకు మీద పడింది. బడ్జెట్ కట్టడిలో కోర్నాయ్ చెప్పిన మెతకదనం ప్రైవేటు సంస్థల విషయంలోనూ ఉంటుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడినప్పుడు మాత్రం కేంద్రం మరో దారి పట్టింది. పాత బోర్డును తొలగించి కొత్త డైరెక్టర్లను నియమించి, ఏప్రిల్ నాటికే కొత్త యజమానిని ఎంపిక చేయించింది. ప్రభుత్వం యజమాని కాకుండానే గట్టి పాత్ర పోషించిన ఈ సందర్భాన్ని ఐడీపీఎల్ 24 ఏళ్ల పక్కన పెట్టి చూపండి. ప్రభుత్వం ఉండాలా వద్దా అన్న వాదం పక్కకు పోయి, ఏ హోదాలో ఉండాలన్న ప్రశ్న ముందుకు వస్తుంది. నా దృష్టిలో అసలు చర్చ జరగవలసినది అక్కడే.

మూడో ప్రశ్నను, అంటే వదిలి వెళ్లగలరా అన్నదాన్ని, ఆర్టీసీ, కరెంటు వంటి సేవల విషయంలో వేయాలి. వాటి గురించి రాసేటప్పుడు నష్టం అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదు. 1932లో నిజాం రైల్వేలో భాగంగా 27 బస్సులతో మొదలైన రవాణా సంస్థ లాభం లేని పల్లె దారుల్లో కూడా నేటికీ బస్సులు నడుపుతోంది. ఆ బాధ్యతకు అయ్యే ఖర్చును, నిర్వహణ లోపం వల్ల వచ్చే నష్టాన్ని విడదీయకుండా చేసే విమర్శ నిలవదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైన కొద్ది రోజులకు జీరో టికెట్ పద్ధతి పెట్టడం ఈ దృష్టితో చూస్తే మంచి పని, ఎందుకంటే ప్రభుత్వం ఎన్ని ప్రయాణాలకు చెల్లించాలో లెక్క మిగులుతుంది. పథకం మంచిదా కాదా అన్నది ఒక చర్చ. ఆ సొమ్ము సంస్థకు సకాలంలో అందుతోందా అన్నది వేరే చర్చ. రెండోదాన్ని పట్టుకుని రాసేవారు తక్కువ, అవసరం మాత్రం దానికే ఎక్కువ.

వ్యవసాయ విద్యుత్తు ఇంతకంటే కష్టమైన అంశం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రకటించారు. బోరుబావుల కనెక్షన్లకు మీటర్లు లేవు కనుక ఎంత వాడకం జరిగిందన్నది అంచనా మాత్రమే. అంచనా ఉన్నచోట పంపిణీ నష్టాలను, చౌర్యాన్ని రైతు ఖాతాలో చూపే అవకాశం ఉంటుంది. ఇక్కడ విమర్శ రైతు మీదికి పోకూడదు. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వదలిస్తే ఆ మొత్తాన్ని ముందుగానే చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆ నిబంధన ఎంతవరకు అమలవుతోందని అడగండి.

అంకెల విషయంలో ఒక హెచ్చరిక. 1991కి ముందు చీకటి, తర్వాత వెలుగు అన్న ధోరణిలో రాయకండి. 1950 నుంచి 1980 వరకు సగటు వృద్ధి ఏడాదికి సుమారు 3.5 శాతం, 1980లలోనే అది 5 శాతం దాటింది. 1991 జూలై 24న పి.వి. నరసింహారావు ప్రభుత్వం 18 పరిశ్రమలకు తప్ప మిగతా అన్నింటికీ లైసెన్సులు ఎత్తివేసి, ప్రభుత్వానికి ప్రత్యేకించిన జాబితాను 8కి కుదించడం పెద్ద మలుపే అయినా, మార్పు అంతకుముందే మొదలైందని ఒప్పుకోవాలి. ప్రభుత్వ సంస్థల లెక్కలకు కాగ్ (ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే సంస్థ) నివేదికలు, కేంద్రం ఏటా వెలువరించే ప్రభుత్వ రంగ సంస్థల సర్వే, రాష్ట్ర బడ్జెట్ పత్రాలు చూడండి. వాటిలో లేనిదాన్ని సమాచార హక్కు చట్టం కింద అడగండి.

ఎదుటి పక్షాన్ని దాని ఉత్తమ రూపంలో చదవడం తప్పనిసరి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలో కొన్ని రోజులు కూర్చుంటే, వెట్టిచాకిరీ, దొరల భూములు ఉన్న తెలంగాణలో సోషలిస్టు భావాలు ఎందుకు అంతగా నాటుకున్నాయో తెలుస్తుంది. ఆ బాధ నిజమైనది. విమర్శించవలసినది దానికి సూచించిన మందునే. అలాగే మన సొంత విమర్శ సంప్రదాయాన్నీ మరవకూడదు. నిడుబ్రోలుకు చెందిన రైతు నాయకుడు ఎన్.జి. రంగా, 1959లో కాంగ్రెస్ నాగపూర్ సమావేశం సహకార సేద్యాన్ని ఆమోదించినప్పుడు దాన్ని వ్యతిరేకించి బయటికి వచ్చి, అదే ఏడాది ఏర్పడిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. సోషలిజంపై విమర్శ పారిశ్రామికవేత్తల కోసం పుట్టిందనే వారికి, చిన్న రైతు భూమి మీద హక్కు కోసం నిలిచిన ఆయన వాదన సరైన జవాబు.

ఒక సంస్థను అమ్మాలనో మూసేయాలనో సూచిస్తే, అందులో పనిచేసేవారి సంగతి కూడా అదే వ్యాసంలో రాయాలి. ఈసీఐఎల్ చుట్టూ, బీహెచ్ఈఎల్ చుట్టూ పెరిగిన కాలనీల్లో ఒక తరం మొత్తం ఆ జీతాలతో పిల్లలను చదివించుకుంది. స్వచ్ఛంద పదవీ విరమణ సొమ్ము ఎంత, భూమి అమ్మితే ఆ డబ్బు ఎక్కడికి పోవాలి, కొనేవారు పరిశ్రమ నడుపుతారా స్థలం మాత్రమే చూసుకుంటారా అన్న ప్రశ్నలకు జవాబివ్వని సూచనను ప్రచురించకపోవడమే మేలు.

రాసినది పత్రికలకే పరిమితం కానక్కర్లేదు. విద్యుత్ పంపిణీ సంస్థలు తమ ఆదాయ అవసరాల నివేదికలను, చార్జీల ప్రతిపాదనలను విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పించినప్పుడు అభ్యంతరాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన వస్తుంది. ఆ నివేదికను మండలి వెబ్‌సైటు నుంచి తీసుకుని, వ్యవసాయ వాడకం అంచనా ఉన్న పట్టికను, ప్రభుత్వ సబ్సిడీ పట్టికను పక్కపక్కన పెట్టి చదవండి. మీ అభ్యంతరాన్ని పేజీ సంఖ్యలతో సహా రాసి, గడువులోగా మండలికి ఒక ప్రతిని, పంపిణీ సంస్థకు మరో ప్రతిని పంపి, బహిరంగ విచారణలో స్వయంగా మాట్లాడదలిచినట్టు అందులోనే పేర్కొనండి.