నవంబరు 2కు ముందు: గుంటూరులో పూర్వికుల సమాధి వెతికేవారికి

సమాధి పలకపై యాసిడ్ పోయవద్దు, ఇనుప బ్రష్‌తో రుద్దవద్దు. చెరిగిన అక్షరాలు మళ్లీ రావు. నవంబరు 2న వచ్చే క్రైస్తవుల సమాధుల పండుగకు సున్నం వేసే ముందే ఫోటో తీయండి. ఉదయపు ఏటవాలు ఎండలో అరిగిన పేరు కూడా తేలుతుంది. నేను మధ్యాహ్నం వెళ్లి మా ముత్తాత పేరు చదవలేకపోయాను.

జిల్లా సరిచూసుకోండి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతకుముందు కాగితాలు కృష్ణా, నెల్లూరు పేర్లతో ఉంటాయి. ఒంగోలు 1970 వరకు గుంటూరులోనే ఉండేది.

బాప్తిస్మపు పేరు అడగండి. చర్చి రిజిస్టరులో ఇంట్లో పిలిచే పేరు ఉండకపోవచ్చు.

మరణ తేదీ, ఖననం తేదీ వేరు కావచ్చు. రెండూ వెతకండి.

ఈ పేర్లు, తేదీలు అడగడానికి అమ్మమ్మను, నానమ్మను ఈ వారమే కలవండి.