ఒక్కరి పేరున మార్ట్‌గేజ్, ఊరి నుంచి డిపాజిట్: యూకేలో దరఖాస్తు ఎక్కడ ఆగుతుంది?

ఇంగ్లండ్‌లో ఇల్లు నచ్చి, అమ్మేవాళ్లు ధరకి ఒప్పుకున్నాక చివర్లో చేజారిపోవడం నాకు తెలిసినవాళ్లలోనే రెండుసార్లు చూశాను. ఇద్దరికీ జీతం సరిపోయింది. క్రెడిట్ హిస్టరీలో మచ్చ లేదు. ఊళ్లో పొలం అమ్మి నాన్న పంపిన డబ్బు కూడా ఖాతాలోనే ఉంది. దాని వెనక ఉండాల్సిన కాగితమే లేదు.

పెళ్లయినా ఒక్కరి పేరున మార్ట్‌గేజ్, అంటే ఇంటి అప్పు, తీసుకోవచ్చు. భార్య డిపెండెంట్ వీసా మీద కొత్తగా వచ్చి ఉంటుంది, లేదా భార్య ఇక్కడ నర్సు, భర్తకింకా ఉద్యోగం రాలేదు. ఆదాయం ఒక్కరిదే లెక్కేస్తారు, ఖర్చుల్లోకి మాత్రం ఇంటిల్లిపాదీ వస్తారు. దీనికి కొన్ని బ్యాంకులు సులువుగా ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. అందుకే బ్రోకర్‌కి మొదటి ఫోన్‌లోనే మూడు సంగతులు చెప్పేయండి: పెళ్లయింది, దరఖాస్తు ఒక్కరిదే, డిపాజిట్ (ఇంటి ధరలో అప్పు పోను మనం పెట్టే భాగం) ఇండియా నుంచి గిఫ్ట్‌గా వస్తోంది. "సింగిల్ అని టిక్ పెట్టేద్దాం" అనే బ్రోకర్ ఎదురైతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మిగతా వరస అందరికీ తెలిసిందే. అగ్రిమెంట్ ఇన్ ప్రిన్సిపుల్ (ఎంత అప్పు ఇవ్వొచ్చో బ్యాంకు ముందుగా చెప్పే కాగితం) తీసుకోవడం, ఇల్లు చూసి ఆఫర్ పెట్టడం, కొనుగోలు కాగితాలు చూసే సొలిసిటర్‌ని (లాయర్‌ని) పెట్టుకోవడం, పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాస్‌పోర్టు, వీసా షేర్ కోడ్‌తో (మన వీసా వివరాల్ని ఆన్‌లైన్‌లో చూసుకోవడానికి ఇచ్చే కోడ్) పూర్తి దరఖాస్తు వేయడం. చాలామందికి తెలియనిది ఒకటుంది. కామన్వెల్త్ దేశస్తులం కాబట్టి భారత పౌరులుగానే మనం ఇక్కడ ఓటరుగా నమోదు కావచ్చు. ఆ నమోదు క్రెడిట్ ఫైల్‌కి మంచి చేస్తుంది, ఖర్చేమీ ఉండదు.

ఇక అసలు చిక్కు గిఫ్ట్ లెటర్ దగ్గర. చూడటానికి ఒక పేజీయే. ఇచ్చేది ఎవరు, వరసకి ఏమవుతారు, ఎంత, ఇది అప్పు కాదు, తిరిగి అడగం, ఇంట్లో మాకు వాటా అక్కర్లేదు, అంతే. చాలా బ్యాంకులకు సొంత ఫారం ఉంటుంది, ముందు అది అడిగి తీసుకోండి. సంతకం పెట్టిన వాళ్ల పాస్‌పోర్టు, అడ్రస్ ప్రూఫ్, కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా కావాలి. ఇంతవరకు అందరూ ఇస్తారు. ఆ తర్వాత సొలిసిటర్ "ఈ డబ్బు మీ నాన్నగారికి ఎలా వచ్చింది?" అని అడుగుతారు. అక్కడ ఆగిపోతారు. ఆ ప్రశ్న అడగడం ఆయనకి చట్టం పెట్టిన బాధ్యత. 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనలు ఉన్నాయి. మనల్ని అనుమానిస్తున్నారని చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు.

పొలం అమ్మిన డబ్బయితే రిజిస్టరైన సేల్ డీడ్ నకలు, దానికి సర్టిఫైడ్ ఇంగ్లీషు అనువాదం, కొన్నవాళ్ల దగ్గర్నుంచి డబ్బు నాన్న ఖాతాలో పడ్డ ఎంట్రీ, ఈ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. మన దగ్గర ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. 50 లక్షలకి బేరం కుదురుతుంది, దస్తావేజులో 20 లక్షలు రాస్తారు, మిగతాది సంచిలో వస్తుంది. ఆ సంచిలో డబ్బుకి ఇక్కడి సొలిసిటర్ దగ్గర విలువ లేదు. తర్వాత విడతలుగా ఖాతాలో వేసినా ప్రతి విడతకీ ప్రశ్న వస్తుంది. కాబట్టి పొలం ఇంకా అమ్మకపోతే నాన్నగారికి ఇప్పుడే చెప్పండి. ఎంత పంపాలనుకుంటున్నారో అంతైనా దస్తావేజులో, బ్యాంకు ద్వారా రావాలి.

పంపే దారి కూడా ముఖ్యమే. ఇండియాలో ఉన్నవాళ్లు విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పద్ధతి కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు. పాన్ కార్డు, పంపేటప్పుడు బ్యాంకులో నింపి ఇచ్చే ఏ2 ఫారం ఉండాలి. ఆ ఫారంలో ఎందుకు పంపుతున్నారన్న చోట గిఫ్ట్ అనే పెట్టించండి. కౌంటర్‌లో అలవాటు కొద్దీ "కుటుంబ పోషణ" అని పెట్టేస్తే, గిఫ్ట్ లెటర్ ఒకటి చెప్తుంది, బ్యాంకు కాగితం ఇంకొకటి చెప్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటున్నారు. 30 లక్షలు పంపాలంటే ఖాతాలో ఇంకో 4 లక్షలు ఉండాలన్నమాట. అది పోయే డబ్బు కాదు, నాన్న పాన్ మీద జమవుతుంది. రిటర్న్ వేస్తే కట్టాల్సిన పన్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే రిఫండ్ వస్తుంది. వ్యవసాయ ఆదాయమే కదా అని ఎప్పుడూ రిటర్న్ వేయనివాళ్లు ఈసారి వేయాలి.

ఈ 20 శాతం తప్పించుకోవడానికి బాబాయి ఖాతా నుంచి కొంత, మేనమామ ఖాతా నుంచి కొంత పంపిస్తుంటారు. అప్పుడు వాళ్లందరూ దాతలే. ఒక్కొక్కరికీ గిఫ్ట్ లెటర్, పాస్‌పోర్టు, డబ్బు ఎలా వచ్చిందన్న ప్రశ్న. కొన్ని బ్యాంకులు తల్లిదండ్రులు, తోబుట్టువులు దాటితే ఒప్పుకోవు. ఇక "హైదరాబాద్‌లో రూపాయలివ్వండి, లండన్‌లో పౌండ్లు వేస్తాం" అనేవాళ్లు. అది హవాలా. ముక్కూమొహం తెలియని ఖాతా నుంచి 30 వేల పౌండ్లు వచ్చి పడితే ఏ సొలిసిటరూ ముందుకు కదలరు. ఖాతా స్తంభించినా ఆశ్చర్యం లేదు.

డబ్బు అత్తగారింటి నుంచి వస్తుంటే ఇంకో మాట. ఎందుకైనా మంచిదని మామగారు అల్లుడి చేత ప్రాంసరీ నోటు రాయించుకుని బీరువాలో దాచడం మామూలే. తిరిగి అడగం అని బ్యాంకుకి రాసిచ్చి, ఇంట్లో నోటు ఉంచుకుంటే అది బ్యాంకుని మోసం చేయడమే. అప్పయితే అప్పని చెప్పాలి. చెప్పాక ఒప్పుకునే బ్యాంకులు తక్కువ, అదీ నిజమే. అమ్మాయి తల్లిదండ్రులు సంతకానికి ముందు ఆ లెటర్‌ని ఎవరి చేతైనా తెలుగులో చదివించుకోవాలి. డబ్బు వాళ్లది, ఇల్లు అల్లుడొక్కడి పేరున, వాటా అడగమని రాసిస్తున్నది వాళ్లే.

పేరు లేని భార్య లేదా భర్త కూడా ఒక సంతకం పెట్టాలి. ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్లందరి దగ్గరా ఆక్యుపయర్ కన్సెంట్ ఫారం తీసుకోవడం బ్యాంకుల అలవాటు. దాంతో అప్పు మీ నెత్తిన పడదు. వాయిదాలు ఆగి బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటే, అడ్డుపడనని ఒప్పుకున్నట్టు. విడాకుల దాకా వస్తే కోర్టు ఆ ఇంటిని లెక్కలోకి తీసుకోవడానికి ఈ సంతకం అడ్డు కాదు. అయినా ఆ పది నిమిషాలు వేరే సొలిసిటర్‌తో, జీవిత భాగస్వామి పక్కన లేకుండా మాట్లాడండి. దంపతులుగా ఆ ఇంట్లో ఉండే హక్కుని హెచ్ఆర్1 ఫారంతో ల్యాండ్ రిజిస్ట్రీలో ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు, దాని గురించి కూడా అప్పుడే అడగండి.

స్టాంప్ డ్యూటీ దగ్గర మాత్రం "ఒక్కరి పేరు" అన్నది చెల్లదు. కలిసి ఉంటున్న భార్యాభర్తల్ని ఒకటిగానే చూస్తారు. భార్య పేరున హైదరాబాద్‌లో 40,000 పౌండ్లకి తగ్గని ఫ్లాట్ ఉంటే, ఇక్కడ భర్త కొనే మొదటి ఇల్లు కూడా రెండో ఇల్లే. రెండో ఇంటి మీద స్టాంప్ డ్యూటీకి తోడు అదనపు సుంకం పడుతుంది, 2024 అక్టోబర్ 31 నుంచి అది 5 శాతం. 3 లక్షల పౌండ్ల ఇంటికి మొదటిసారి కొనేవాళ్లు సున్నా కడితే, వీళ్లు 20,000 కట్టాలి. పెళ్లప్పుడు రాసిచ్చిన ఫ్లాట్ చాలామందికి గుర్తే ఉండదు. ఈ లెక్క ఇంగ్లండ్, నార్తర్న్ ఐర్లండ్‌లకే. స్కాట్లండ్, వేల్స్‌లలో సుంకం పేర్లు, రేట్లు వేరు.

సేల్ డీడ్ నకలు, అనువాదం చేతికి రావడానికి వారాలు పడుతుంది. ఇల్లు వెతకడం మొదలుపెట్టేలోపే ఊరికి ఫోన్ చేసి వాటి పని కానివ్వండి.