హీలింగ్ చేపట్టేవారు ముందే తేల్చుకోవాల్సినవి

రేకీలో (చేతులతో శక్తిని పంపి నయం చేస్తామనే పద్ధతి) మొదటి స్థాయి నుంచి మాస్టర్ స్థాయి దాకా ఒకే వారాంతంలో ముగించే శిక్షణలున్నాయి. సర్టిఫికెట్ చేతికొస్తుంది, సెషన్‌కు వచ్చినవాళ్లు ఏడ్చేస్తే ఏం చేయాలో మాత్రం తెలియదు. చేరేముందు రెండు విషయాలు అడగండి: గురువు పక్కనుండి చూస్తుండగా ఎన్ని సెషన్లు చేయిస్తారు? ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో నేర్పుతారా? సరైన జవాబు రాకపోతే చేరకండి.

మొదటి సెషన్‌కు ముందే ఒక కాగితం ఇవ్వండి. మీరు ఎన్ని గంటలు నేర్చుకున్నారు, సెషన్ ఎంతసేపు, ఫీజు ఎంత, ఇది వైద్యానికి బదులు కాదు అన్నవి అందులో ఉండాలి. వాడుతున్న మందులు, గర్భం, ఈమధ్య జరిగిన ఆపరేషన్లు అడిగి రాసుకోండి. చేయి ఎక్కడ వేస్తారో ముందే చెప్పి, సరేనన్నాకే తాకండి. మధ్యలో వద్దంటే కారణం అడగకుండా ఆపేయండి.

జబ్బు పేరు మీరు చెప్పకూడదు, మందు ఆపమని అసలే అనకూడదు. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే: సెషన్ తర్వాత ఒళ్లు తేలికై, నయమైందనుకుని వాళ్లే మందు మానేస్తారు. ఇన్సులిన్, మూర్ఛ మందులు, ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే వెళ్లేముందు ప్రతిసారీ "మందులు మానకండి" అని నోటితో చెప్పండి. ఛాతీనొప్పి, ఒకవైపు చేయీ కాలూ పడిపోవడం కనిపిస్తే సెషన్ వదిలేసి అంబులెన్స్ పిలవండి. చనిపోవాలనుందని ఎవరైనా అంటే ఒంటరిగా పంపకండి.

మీ శక్తిని మీరే పరీక్షించుకోవడం కష్టమైన పని, కానీ తప్పదు. 1998లో అమెరికా వైద్యపత్రిక జామాలో ఎమిలీ రోసా అనే బాలిక ప్రయోగం అచ్చయింది. థెరప్యూటిక్ టచ్ అంటే ఒంటి చుట్టూ ఉన్న శక్తిని చేతులతో పసిగట్టి సరిచేస్తామనే పద్ధతి. అది చేసే 21 మంది హీలర్లు అడ్డుతెర కింద నుంచి చేతులు చాపితే, ఆమె తన చేతిని వాళ్ల ఏ చేతి పైన ఉంచిందో చెప్పాలి. 280 సార్లలో సరిపోయినవి 123, అంటే 44 శాతం. బొమ్మా బొరుసూ వేసినా సగం సరిపోయేవి. జాతకం, రీడింగ్ చెప్పేవారు మరో పరీక్ష చేసుకోవచ్చు. ఐదుగురికి రాసినవాటి పేర్లు తీసేసి, ఎవరిది ఏదో వాళ్లనే ఏరుకోమనండి. ఏరుకోలేకపోతే, మీరు రాసింది ఎవరికైనా సరిపోయే మాటలే.

"నీ మీద చెడుశక్తి ఉంది, ఇంకో మూడు సెషన్లు కావాలి" అని భయపెట్టి తీసుకున్న ఫీజు మోసమే. ఫీజు పట్టిక ముందే రాసిపెట్టండి, నాలుగైదు సెషన్లకు మార్పు లేకపోతే ఆపేద్దామని మీరే చెప్పండి.