అతీతశక్తుల సీరియల్ రాయడం – 6వ పాఠం: బలహీనత కాదు, ఖర్చు కావాలి

ఈ పాఠంలో సమీక్షలు రాయడం గురించి చెబుతానని కిందటిసారి అన్నాను. చెబుతాను, కానీ రెండో సగంలో. ముందు మీరు పంపిన అభ్యాసాల సంగతి తేల్చాలి. వాటిని అలాగే వదిలేసి ముందుకెళ్తే, మీ సీరియల్ రెండో భాగానికి వచ్చేసరికి కథ కూలబడుతుంది.

5వ పాఠంలో అడిగింది ఇది: మీ హీరో శక్తిని ఒక వాక్యంలో, దాని హద్దును ఇంకో వాక్యంలో రాయండి. మొదటి వాక్యం చాలామంది బాగా రాశారు. రెండోదే ఇబ్బంది పెట్టింది. "నల్లరాయి దగ్గరికి తెస్తే శక్తి పోతుంది." "అమావాస్య రాత్రి పనిచేయదు." "చన్నీళ్లలో ముంచితే మామూలు మనిషైపోతాడు." ఇవన్నీ బలహీనతలు. నేనడిగింది ఖర్చు.

తేడా ఏమిటంటే, బలహీనత పనిచేయాలంటే ఎవరో ఒకరు దాన్ని పట్టుకురావాలి. నల్లరాయిని విలన్ మోసుకొచ్చేదాకా మీ హీరోకి ఏ ఇబ్బందీ లేదు. అంటే నలభై ఎపిసోడ్లలో ముప్పై ఎనిమిది ఎపిసోడ్లు అతను దేవుడే. ఖర్చు అలా కాదు. శక్తి వాడిన ప్రతిసారీ, ఎవరూ చూడకపోయినా, చెల్లించి తీరాలి. పరీక్ష సులువు: విలన్ లేని సీన్ ఒకటి ఊహించుకోండి. హీరో ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు, శక్తి వాడాడు. మీరు రాసిన హద్దు ఆ గదిలో పనిచేసిందా? పనిచేయకపోతే అది బలహీనత.

ఒకరు వేగంగా పరిగెత్తే అమ్మాయి కథ పంపారు. ధ్వని వేగంతో పరిగెత్తుతుంది, హద్దు మాత్రం అమావాస్య. ఈ కథకి అమావాస్య అక్కర్లేదు, లెక్క చాలు. ఆమె బరువు 70 కిలోలు అనుకుందాం. ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. ఆ వేగం అందుకోవడానికి కావలసిన గతిశక్తి సుమారు 40 లక్షల జౌళ్లు. తిండి లెక్కలో చెబితే దాదాపు 970 కిలోకేలరీలు. కండరాలు మనం తిన్న శక్తిలో మహా అయితే నాలుగో వంతునే కదలికగా మారుస్తాయి. అంటే ఒక్కసారి ఆ వేగం అందుకోవాలంటే సుమారు 4,000 కిలోకేలరీలు కావాలి. పెద్దవాళ్లకి రోజంతటికీ సరిపోయేది రెండు, రెండున్నర వేలు. గాలి ఒత్తిడి, మళ్లీ ఆగడానికయ్యే శ్రమ ఇందులో కలపలేదు.

ఇప్పుడు చూడండి, ఎన్ని సీన్లు వాటంతట అవే పుడుతున్నాయో. ఆ అమ్మాయి ఎప్పుడూ ఆకలితోనే ఉంటుంది. హాస్టల్ మెస్‌లో అందరి కళ్లూ ఆమె కంచం మీదే ఉంటాయి. నెలాఖరుకి చేతిలో డబ్బు లేకపోతే ఎవరినీ కాపాడలేదు. ప్రమాదం జరిగిన చోటికి క్షణంలో వెళ్తుంది, తిరిగి రావడానికి మాత్రం బస్సు ఎక్కాల్సిందే. టికెట్‌కి చిల్లర ఉందా లేదా అన్నది కూడా ఇప్పుడు కథే. ఆమె శత్రువు నల్లరాయి కోసం వెతకనక్కర్లేదు. ఒక పూట అన్నం దొరక్కుండా చేస్తే చాలు.

ఇంకో ఉదాహరణ, పడిపోతున్న మనిషిని గాల్లో పట్టుకోవడం. మీలో చాలామంది ఈ సీన్ రాశారు. వంద మీటర్ల ఎత్తు నుంచి పడిన మనిషి, గాలి నిరోధం పక్కన పెడితే, కిందికి చేరేసరికి గంటకు దాదాపు 160 కిలోమీటర్ల వేగంతో ఉంటాడు. నేలకి ఒక మీటరు పైన చేతులు చాపి పట్టుకుంటే, ఆ ఒక్క మీటరులో ఆ వేగమంతా సున్నా కావాలి. ఆ మనిషి ఒంటి మీద అతని బరువుకి దాదాపు వంద రెట్లు బలం పడుతుంది. చేతులు ఉక్కువైతే ఇంకా ప్రమాదం, అవి వంగవు కాబట్టి. 1973లో వచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ కామిక్ 121వ సంచికలో హీరో ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోవడానికి కారణం ఇదే. వంతెన మీంచి పడిపోతున్న ఆమెను హీరో వల విసిరి పట్టుకున్నాడు, ఉన్నపళంగా ఆగడంతో ప్రాణం పోయింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసర్ జేమ్స్ కాకాలియోస్ ఈ సీన్‌నే తీసుకుని బలం, సమయం మధ్య సంబంధాన్ని వివరించారు. కాబట్టి మీ హీరో ఎగరగలిగితే చాలదు, పడే మనిషితో పాటే కిందికి దిగుతూ మెల్లగా వేగం తగ్గించాలి. దానికి ఎత్తు కావాలి. ఎత్తు సరిపోకపోతే శక్తి ఉండీ కాపాడలేడు.

మాయమైపోయే హీరోలకి ఒక్క మాట: కాంతి ఒంట్లోంచి నేరుగా వెళ్లిపోతే కంటి రెటీనా మీద ఏమీ పడదు, అతనికీ ఏమీ కనపడదు.

శక్తి ఒక్కటే ఉండాలి, మొదటి ఎపిసోడ్‌లోనే కనపడాలి లాంటివి మళ్లీ చెప్పను. ర్యాంకులు, లెవెళ్లు గురించి అడిగినవాళ్లకి: నాకు అవి నచ్చవు. పదో లెవెల్ హీరో తొమ్మిదో లెవెల్ విలన్‌ని ఓడిస్తాడని అంకెల్లోనే తెలిసిపోయాక పాఠకుడు ఫైట్ ఎందుకు చదవాలి? మీకు నచ్చితే పెట్టుకోండి, నేను మాత్రం నేర్పను.

ఇప్పుడు అసలు ఉచ్చు. వచ్చిన అభ్యాసాల్లో సగానికి పైగా ఇందులో పడ్డాయి: కోపమొస్తే శక్తి పెరగడం.

దీని మీద ఎంతసేపైనా మాట్లాడతాను. మంచి ఊహ, మంచి పాత్రలు ఉన్న సీరియల్స్ కూడా ఈ ఒక్క అలవాటుతో పాడవుతున్నాయి. ఇది చాలా వేషాల్లో వస్తుంది. "నిద్రాణమైన శక్తి మేల్కొంది" అంటారు. "గురువుగారి చివరి మాట చెవుల్లో మోగింది" అంటారు. "రక్తంలో ఏదో కదిలింది" అంటారు. అన్నీ ఒకటే. హీరో చేయలేని పనిని, చేయాలని గట్టిగా అనుకున్నాడు కాబట్టి చేసేశాడు.

ఒక్క సినిమా అయితే ఇది నడుస్తుంది, రెండున్నర గంటల్లో అయిపోతుంది. సీరియల్‌కి మాత్రం విషం. మొదటి భాగంలో చెల్లెలికి గాయమైందని శక్తి రెట్టింపైంది. రెండో భాగంలో విలన్ ఇంకా పెద్దవాడు, కాబట్టి కోపం ఇంకా పెద్దది కావాలి, స్నేహితుణ్ని చంపుతారు. మూడో భాగంలో అమ్మ. పాత్రల్ని మీరు కథ కోసం చంపడం లేదు, బ్యాటరీ ఛార్జింగ్ కోసం చంపుతున్నారు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఒకసారి కోపం పనిచేసిందంటే, అప్పటిదాకా మీరు శ్రద్ధగా కట్టిన హద్దులన్నిటినీ పాఠకుడు మనసులోంచి తీసేస్తాడు. ఆకలి, అలసట, దూరం, ఎత్తు, ఏదీ లెక్కలోకి రాదు. "చివర్లో అరుస్తాడులే" అని కూర్చుంటాడు. ఇక టెన్షన్ ఎక్కడిది?

కోపాన్నే శక్తికి మూలంగా పెట్టుకుంటానంటారా? పెట్టుకోండి, కానీ నియమంగా పెట్టుకోండి. అప్పుడు ట్రాఫిక్‌లో ఆటో అడ్డొచ్చినప్పుడు వచ్చిన కోపానికీ శక్తి పెరగాలి, ఆ ఆటో నుజ్జు కావాలి, కేసు కావాలి. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదాలో పెరగాలి. బలం పెరిగేకొద్దీ గురి తప్పాలి, ఎందుకంటే కోపంలో ఉన్న మనిషి చూపు ఒక్కచోటే ఉంటుంది. ఇవన్నీ మొదటి పది ఎపిసోడ్లలోనే చూపిస్తే క్లైమాక్స్‌లో కోపం వాడుకునే హక్కు మీకుంటుంది.

వచ్చిన అభ్యాసాల ధోరణిలో ఒకటి రాసి చూపిస్తాను.

"చెల్లెలి ఒంటి మీద రక్తం చూడగానే విక్రమ్ కళ్లు ఎర్రబడ్డాయి. ఎన్నడూ లేని శక్తి నరాల్లో ఉప్పొంగింది. ఒక్క గుద్దుకి ఇనుప తలుపు ముక్కలైంది."

అదే సీన్ ఖర్చుతో:

"తలుపు బొటనవేలంత మందం. విక్రమ్ విరవగలిగింది అందులో సగమే. తలుపు వదిలేసి మడతబందుల వైపు చూశాడు. మూడు బందులు, ఒక్కోదానికి నాలుగు స్క్రూలు. వేళ్లతోనే తిప్పడం మొదలుపెట్టాడు. ఐదోది ఊడేసరికి కుడిచేతి వేళ్లకి స్పర్శ పోయింది. మిగతావి ఎడమచేత్తో తీశాడు. ఆ వారమంతా అన్నం చెల్లెలే కలిపి పెట్టింది."

రెండోదాంట్లో అరుపు లేదు. విక్రమ్‌కి చెల్లెలి మీద ఎంత ప్రేమో మాత్రం రెండోదాంట్లోనే తెలిసింది.

శక్తి పెంచకుండా పెద్ద సీరియల్ నడపొచ్చా అని అడిగారు. నడపొచ్చు. కెనడా రచయిత జాన్ మెక్‌క్రే, వైల్డ్‌బో అనే కలం పేరుతో, 2011 జూన్ నుంచి 2013 నవంబరు వరకు వర్మ్ అనే సీరియల్‌ని ఏ ప్రచురణకర్తా లేకుండా ఆన్‌లైన్‌లో రాశారు. మొత్తం దాదాపు 17 లక్షల పదాలు. అందులో హీరోయిన్ శక్తి పురుగుల్ని అదుపు చేయడం. వినడానికి ఎంత చిన్నది! కానీ ఆ అమ్మాయి బ్లాక్ విడో సాలీళ్లతో పట్టు తీయించి తన డ్రెస్ నేయించుకుంటుంది. చీకట్లో ఎవరెక్కడున్నారో పురుగుల ద్వారా పసిగడుతుంది. ఎపిసోడ్లు గడిచేకొద్దీ ఆ ఒక్క శక్తికే కొత్త ఉపయోగాలు కనిపెడుతూ పోతుంది. పాఠకుడికి ఆనందం అక్కడే, ఉన్నదాన్ని తెలివిగా వాడటంలో.

నా పద్ధతి చెబుతాను. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలాంటిది ఒకటి పెట్టుకోండి. ప్రతి ఎపిసోడ్‌కి మూడు గళ్లు: శక్తి ఏం వాడాడు, ఏం చెల్లించాడు, ఎవరు చూశారు. నేను చేత్తోనే రాస్తాను, టైప్ చేస్తే నాకు గుర్తుండదు. క్లైమాక్స్ ముందే రాసేసుకుని, అందులో ఏ ఖర్చు కొత్తగా కనపడిందో చూసి, దాన్ని వెనక్కి తీసుకెళ్లి మూడో ఎపిసోడ్‌లో నాటుతాను. రోజుకో ఎపిసోడ్ పెట్టేవాళ్లకి ఇది కుదరదు. అందుకే కనీసం పదిహేను ఎపిసోడ్లు చేతిలో పెట్టుకున్నాకే మొదలుపెట్టమంటాను.

ఇక సమీక్షల సంగతి. దీన్నీ మీ పనుల్లోంచే మొదలుపెట్టాలి. మీలో కొందరు ఒకరికొకరు ఐదు స్టార్లు ఇచ్చుకుంటున్నారు. ప్రతిలిపి లాంటి యాప్‌లలో ఎపిసోడ్ కిందే రేటింగులు కనిపిస్తాయి కాబట్టి, ఎవరు ఎవరికి ఏ రోజు ఇచ్చారో చూస్తే తెలిసిపోతుంది. దయచేసి ఆపండి. ఇంగ్లిష్‌లో రాసి అమెజాన్ వాళ్ల ఈ-బుక్ వేదిక కిండిల్‌కి వెళ్లాలనుకుంటున్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. మాట్లాడుకుని మార్చుకున్న రివ్యూలు, ఇంట్లోవాళ్లు, దగ్గరి స్నేహితులు రాసిన రివ్యూలు అమెజాన్ నిబంధనలకి విరుద్ధం, తీసేస్తారు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నకిలీ రివ్యూల మీద పెట్టిన నిషేధం 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. మన దగ్గర కూడా వస్తువులకి, సేవలకి ప్రమాణాలు పెట్టే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) 2022లోనే ఆన్‌లైన్ రివ్యూలకి ఒక ప్రమాణం తెచ్చింది.

నిబంధనలు పక్కన పెట్టినా, మార్పిడి రివ్యూతో రచయితకి అందేది ఏమీ లేదు. సొంతంగా ప్రచురించుకునేవాళ్లలో చాలామందికి ఎడిటర్ లేడు. నాలుగో భాగంలో హీరో రెండో భాగం నాటి నియమం తప్పాడని చెప్పగలిగేది అన్ని భాగాలూ చదివిన సమీక్షకుడు ఒక్కడే. "సూపర్, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?" అని రాసి ఆ అవకాశాన్ని పోగొట్టకండి.

సిరీస్ సమీక్షలో మొదటి వాక్యం ఎంతవరకు చదివారో చెప్పాలి. "ఐదు భాగాల్లో మూడు చదివాను" అంటే చాలు. రచయిత మీకు తెలిసినవారైతే, పుస్తకం ఉచితంగా ఇచ్చి ఉంటే, రెండో వాక్యంలో చెప్పండి. ఆ తర్వాత నేరుగా లెక్కలోకి వెళ్లండి: శక్తి ఏమిటి, ఖర్చు ఏమిటి, చెల్లించడం ఎక్కడ ఆగింది. "రెండో భాగంలో గాయం మానడానికి మూడు రోజులు పట్టింది, నాలుగో భాగంలో అదే గాయం మూడు పేరాల్లో మానింది, కారణం కనపడలేదు" అని రాస్తే స్పాయిలర్ కూడా కాలేదు, రచయితకి దిద్దుకునే చోటు కూడా దొరికింది. సాగదీత గురించి కూడా చెప్పండి. చందా కట్టి పుస్తకాలు చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 జులై నుంచి పాఠకుడు చదివిన పేజీల లెక్కన రచయితకి డబ్బు వస్తోంది. పేజీలు పెంచాలన్న ఒత్తిడి నిజంగానే ఉంటుంది. రచయితను తప్పుపట్టకుండా, ఏ ఫైట్ లేకపోయినా కథ నిలబడేదో పేరు పెట్టి చెబితే సరిపోతుంది.

సమీక్ష అందుకునేవాళ్లకి ఒక మాట. వారపత్రికల సీరియల్ రోజుల్లో పాఠకుల ఉత్తరాలు అచ్చయ్యేసరికి వారాలు గడిచేవి. ఇప్పుడు ఎపిసోడ్ పెట్టిన నిమిషాల్లోనే కామెంట్ వస్తోంది. "హీరో మరీ బలహీనంగా ఉన్నాడు" అని పదిమంది అంటే చేతులు దురద పెడతాయి. నడక మార్చండి, సీన్ల వరుస మార్చండి, కావాలంటే హీరోకి ఒక చిన్న గెలుపు ఇవ్వండి. ఖర్చు నియమం మాత్రం ముట్టుకోవద్దు. ఈ పది మంది కోసం దాన్ని సడలిస్తే, నమ్మకంగా చదువుతున్న మిగతావాళ్లు చెప్పకుండానే వెళ్లిపోతారు.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే, తెలిసే ఇస్తున్నాను.

మీ హీరో జీవితంలో ఒక్క రోజు రాయండి, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా. విలన్ ఉండకూడదు. శక్తి మూడుసార్లు వాడాలి, మూడుసార్లూ చెల్లించాలి, మూడోసారి చెల్లించడానికి దగ్గర ఏమీ మిగలకూడదు. అరుపు, ఎర్రబడ్డ కళ్లు, ఉప్పొంగిన నరాలు నిషిద్ధం. ఎనిమిది వందల పదాలు దాటొద్దు.

దాంతో పాటు, పూర్తయిపోయిన సీరియల్ ఏదైనా ఒకటి మొదటి నుంచి చివరిదాకా చదివి, దాని చివరి భాగానికి మూడు వందల పదాల సమీక్ష రాయండి. పరిచయం ఉన్న రచయితది వద్దు. అద్భుతం, అమోఘం, సూపర్ అన్న మాటలు ఒక్కసారి కూడా రాకూడదు. రెండూ పూర్తవడానికి నెల పట్టినా ఫర్వాలేదు, 7వ పాఠం అప్పటిదాకా ఆపుతాను. పంపేటప్పుడు మీ ఖాతా పుస్తకం పేజీ ఫొటో తప్పకుండా జత చేయండి. మూడు గళ్లూ నింపిన పేజీ లేకుండా వచ్చిన సీన్లు ఈసారి దిద్దను.