ఈవెంట్స్ ముందు బూట్లలో సోల్ పెడుతున్నారా? ముందు కాలు ఎటు వంగిందో చూడండి

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే, ఇంకా క్లినిక్ తాళం తీస్తుండగానే, ఓ అమ్మాయిని ఇద్దరు స్నేహితురాళ్లు రెక్కలు పట్టుకుని ఆటోలోంచి దించారు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే పరుగు, లాంగ్ జంప్ లాంటి పరీక్షలకి, ప్రాక్టీస్ చేస్తోందట. లాంగ్ జంప్ దూకి ఇసుకలో దిగేటప్పుడు మోకాలి చిప్ప బయటికి జారింది. దానంతటదే చోటికి వచ్చింది గానీ మోకాలు గుమ్మడికాయలా వాచింది. బూటు విప్పి చూస్తే లోపల ఇన్‌సోల్ ఉంది, పాదం కింద వేరేగా పెట్టుకునే సోల్. ఎవరు రాశారమ్మా అంటే, "మా అమ్మది మేడమ్, అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది కదా అని వేసుకున్నా" అంది.

అమ్మకి దొడ్డికాళ్లు. కూతురికి మోకాళ్లు రెండూ రాసుకునే కాళ్లు, మీరు నాక్ నీస్ అంటారే, అవి. తల్లికి ఇచ్చిన సోల్‌లో మడమ కింద బయటి అంచు ఎత్తుగా ఉంది. కూతురికి కావలసింది సరిగ్గా దానికి ఎదురు. ఆ సోల్ వల్లే చిప్ప జారిందని నేను ఒట్టేసి చెప్పను. నాక్ నీస్ ఉన్నవాళ్లకి చిప్ప బయటికి జారే గుణం మామూలుగానే ఎక్కువ. కానీ మూడు వారాలుగా మోకాలి బయటి వైపు నొప్పి వస్తోందని తనే చెప్పింది. ఆ నొప్పిని 'అలవాటవుతోందిలే' అనుకుందట.

వార్మప్ చేయండి, నీళ్లు తాగండి లాంటివి మీ కోచ్ రోజూ అరిచి చెబుతాడు. అవి నేను చెప్పను. నేను చూసినవాళ్లలో ఎక్కువమందిని దెబ్బతీసింది ఒకటే తప్పు: కాలు ఎటు వంగిందో చూడకుండా సోల్ పెట్టడం.

కాలు ఎటు వంగింది?

తుంటి నుంచి చీలమండ దాకా ఒక దారం లాగి కట్టారనుకోండి. అది మోకాలి మధ్యగా పోవాలి. దొడ్డికాలిలో ఆ దారం మోకాలికి లోపలగా పోతుంది, అందుకని లోపలి వైపు గుజ్జు అరుగుతుంది. నాక్ నీస్‌లో బయటగా పోతుంది, బయటి వైపు బరువు పడుతుంది, చిప్ప కూడా బయటికే లాగుతుంది. మన దగ్గర పెద్దవాళ్ల మోకాళ్లు ఎక్కువగా లోపలి వైపే అరుగుతాయి. అందుకే 'మోకాలి నొప్పి సోల్' అని అడిగితే చాలాచోట్ల బయటి అంచు ఎత్తున్నదే చేతిలో పెడతారు. మీ అమ్మకి అది మందు కావచ్చు. మీకు కాదు.

ఇంట్లోనే చూసుకోండి. ఉత్త కాళ్లతో నిలబడండి, మోకాళ్లు నిటారుగా ఉండాలి, చిప్పలు రెండూ సూటిగా ముందుకు చూడాలి. మోకాళ్లు తగిలీ తగలనట్టు ఉన్నప్పుడు చీలమండల లోపలి ఎముకల మధ్య దూరం ఇంకొకరిచేత కొలిపించండి. ఆ దూరం ఎంత ఎక్కువుంటే నాక్ నీస్ అంత ఎక్కువ. పాదాలు బయటికి తిప్పి మోకాళ్లు కాస్త వంచితే దూరం తగ్గినట్టే కనిపిస్తుంది. ఆ తెలివి నా దగ్గర చాలామంది చూపించారు. టేపుని మోసం చేసి ఏం లాభం?

తర్వాత మునివేళ్ల మీద లేవండి. మడమ లోపలికి తిరిగి పాదం కింద ఒంపు కనిపిస్తే పాదం మెత్తగానే ఉన్నట్టు, సోల్ మాట వినే అవకాశం ఉంది. ఒంపు రాకుండా పాదం చెక్కలా ఉంటే గట్టి సోల్ పెట్టకండి. ముందు డాక్టరుకి చూపించండి.

సోల్‌లో ఎత్తు ఎటుంది?

కొనేముందు బల్ల మీద పెట్టి మడమ వైపు నుంచి చూడండి, వేలితో నొక్కండి. నాక్ నీస్‌తో పాటు పాదం లోపలికి ఒరిగిపోయేవాళ్లకి ఎత్తు లోపలి వైపు, అంటే బొటనవేలి వైపు ఉండాలి. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. ఎత్తున్న అంచు మీద పెన్నుతో గీత పెట్టుకోండి. ఎంసీఆర్ అనే రబ్బరు చెప్పులు, సిలికాన్ మడమ గిన్నెలు మెత్తగా ఉంటాయంతే, కాలి వాలుని ఏమీ మార్చవు.

సోల్ చేయలేనిది

సోల్ ఎముకని తిన్నగా చేయదు. ఆరు నెలలు వేసినా చేయదు. బరువు పడే తీరుని కాస్త మారుస్తుంది, కొందరికి నొప్పి తగ్గిస్తుంది, అంతవరకే. బూటు విప్పగానే అదీ అయిపోతుంది. మనం ఇంట్లో చెప్పులేసుకోం కాబట్టి రోజులో సగం సోల్ లేనట్టే లెక్క.

పోలీసు నియామక నోటిఫికేషన్లలో నాక్ నీ, చదును పాదం అనర్హతల్లోనే ఉంటాయి. సైన్యంలో చీలమండల మధ్య దూరం అబ్బాయిలకి 5, అమ్మాయిలకి 8 సెంటీమీటర్లు దాటితే పక్కనపెడతారు. ఆ పరీక్ష ఉత్త కాళ్ల మీదే. కోచింగ్‌కి లక్ష కట్టకముందే టేపు తీయండి.

చిన్నపిల్లల సంగతి వేరు. మూడు నాలుగేళ్లప్పుడు మోకాళ్లు రాసుకోవడం మామూలే, ఏడెనిమిదేళ్లకి చాలామందికి సర్దుకుంటుంది. వాళ్లకి ప్రత్యేక బూట్లు కొనకండి. ఒక్క కాలే వంగినా, ఏడేళ్లు దాటాక పెరుగుతున్నా, విటమిన్ డి లోపం ఉందేమో అనిపించినా, ఎముకల డాక్టరుకి చూపించండి. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లలో ఇలా వంగిన కాళ్ల గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1970లలోనే రాశారు. నీళ్లు మార్చాల్సిన చోట సోల్ ఏం చేస్తుంది? ఎదిగే వయసులోనే వస్తే చిన్న ప్లేటు వేసి వంపు సరిచేసే దారి ఉంది. ఎదుగుదల ఆగాక ఎముక కోసి సరిచేయాల్సిందే.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో

- బూటులో ముందే ఉన్న అట్ట తీసేసి కొత్తది పెట్టండి. రెండూ కలిపితే మడమ పైకి లేచి బూటు జారుతుంది, చీలమండ మెలిక పడుతుంది.
- ఒక పక్క అరిగిన పాత బూటులో కొత్త సోల్ వద్దు.
- మొదటి రోజు గంట నడక. రోజుకో అరగంట, గంట పెంచండి. రెండు వారాలు అయ్యాకే పరుగు. ముందు జాగింగ్, ఆఖర్న టైమింగ్.
- ఈవెంట్స్‌కి రెండు వారాలు కూడా లేవా? అయితే మొదలే పెట్టకండి. 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో అమ్మాయిలకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. ఆ పరుగు కొత్త సోల్‌తో ప్రయోగాలు చేసే చోటు కాదు.
- పాదం కింద కాస్త నొక్కినట్టుంటే పర్లేదు. మోకాలి బయటి వైపు కొత్త నొప్పి వస్తే ఆరోజే తీసేయండి. అలవాటు కాదది.
- గుంజీళ్లు తీసేటప్పుడు మోకాళ్లు లోపలికి కూలుతుంటే ఆపండి. లాంగ్ జంప్‌లో దిగేటప్పుడూ అంతే. పక్కకి పడుకుని కాలు పైకెత్తే వ్యాయామం రోజూ చేయండి. తుంటి పక్క కండ బలపడకుండా సోల్ ఒక్కటే మోకాలిని పట్టుకోలేదు.
- షుగర్ ఉండి పాదాలు మొద్దుబారిన వాళ్లు ఆన్‌లైన్‌లో గట్టి సోల్ కొనొద్దు. పుండు పడ్డా తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి.
- నొప్పి మాత్ర వేసుకుని ప్రాక్టీస్ చేయొద్దు.
- ఇంకొకరి సోల్ వేసుకోవద్దు. అమ్మదైనా, అక్కదైనా, నిరుడు సెలెక్టయిన సీనియర్‌దైనా. వాళ్ల కాలు ఎటు వంగిందో మీకు తెలియదు.
- మీ సోల్ ఇంకొకరికి ఇవ్వొద్దు. ఆ అమ్మాయి తల్లి మూడు వారాలు సోల్ లేకుండా పొలానికి తిరిగింది. ఇప్పుడు ఆవిడా నా దగ్గరికే వస్తోంది.
- మోకాలు వాచితే, మధ్యలో పట్టేసినట్టు ఆగిపోతే, బరువు పెట్టలేకపోతే, సోల్ గురించి నాకు ఫోన్ చేయకండి. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.
- చిప్ప ఒకసారి జారిందా? మళ్లీ జారే ప్రమాదం ఎక్కువ. డాక్టరు సరే అనేదాకా గ్రౌండ్‌లో అడుగు పెట్టకండి, ఈ నోటిఫికేషన్ పోయినా సరే.